రెండు గ్రాఫిక్స్ కార్డులు, ఒకే తెర: లినక్స్‌లో యాప్ తెరుచుకోకపోతే తెగింది ఎక్కడ?

హన్మకొండలో నయీంనగర్, భీమారం అద్దె గదుల నుంచి కాజీపేట దారిలోని ఎన్‌ఐటీ హాస్టళ్ల దాకా బీటెక్ విద్యార్థుల బల్లల మీద కనిపించే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి రెండేసి గ్రాఫిక్స్ కార్డులుంటాయి. ఒకటి ప్రాసెసర్‌లోనే కలిసి వచ్చేది, ఎక్కువగా ఇంటెల్‌ది. రెండోది బోర్డు మీద విడిగా ఉండేది, ఎక్కువగా ఎన్విడియాది. కొనేటప్పుడు ఇంట్లోవాళ్లు నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టేది ఈ రెండో కార్డు కోసమే.

అలాంటి ల్యాప్‌టాప్‌లో కొత్తగా ఉబుంటు అనే లినక్స్ వేసుకున్న విద్యార్థి ఒకరోజు ప్రాజెక్టు పని కోసం 3డీ బొమ్మలు చేసే బ్లెండర్ ఐకాన్ మీద నొక్కుతాడు. బాణం గుర్తు పక్కన చక్రం తిరుగుతుంది. పది పదిహేను సెకన్లు తిరిగి ఆగిపోతుంది. విండో రాదు. తప్పేమిటో చెప్పే మాట ఒక్కటి కూడా రాదు. మళ్లీ నొక్కినా అంతే. ఇక అక్కడి నుంచి వరస తెలిసిందే: బ్లెండర్ తీసేసి మళ్లీ వేయడం, దొరికిన డ్రైవర్‌నల్లా ఎక్కించడం, ఎక్కడో చదివిన నాలుగు కమాండ్లు కొట్టడం, చివరికి లినక్స్‌నే తుడిచేసి విండోస్‌కు తిరిగిపోవడం. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం ఇలాగే ఉంటుంది. ఇందులో బ్లెండర్ తప్పు ఏమీ లేకపోవచ్చు. ల్యాప్‌టాప్ తప్పు అసలే కాకపోవచ్చు.

రెండు కార్డుల మెషీన్‌లో యాప్ తెరుచుకోకపోతే అన్నిటికంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ యాప్ ఏ కార్డు మీద తెరుచుకోబోయింది? దీనికి జవాబు దొరికేదాకా ఏదీ తీసేయకూడదు, ఏదీ కొత్తగా వేయకూడదు. సగం ఇబ్బందులు ఈ ప్రశ్న వేసుకోకుండా మరమ్మతు మొదలుపెట్టడం వల్లే పెరుగుతాయి.

ఈ వ్యాసంలో కమాండ్లను పలికినట్టే తెలుగులో రాయడం జరిగింది. టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడాలి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట ఆ మాట విడిగా చెప్పి ఉంది.

వంట వెనక, వడ్డన ముందు

ఎన్విడియా 2010లో ఆప్టిమస్ అనే ఏర్పాటు తెచ్చింది. అంతకుముందు రెండు కార్డుల ల్యాప్‌టాప్‌లలో తెరను ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు మార్చే స్విచ్చు ఉండేది. ఆప్టిమస్‌లో ఆ స్విచ్చు తీసేశారు. ల్యాప్‌టాప్ తెర తీగ ఇంటెల్ కార్డుకే ఉంటుంది. ఎన్విడియా కార్డు బొమ్మను గీస్తుంది గానీ తెర మీద పెట్టలేదు. గీసిన బొమ్మను ఇంటెల్ కార్డు మెమరీలోకి పంపితే, అది తెర మీద చూపిస్తుంది. పెళ్లింట్లో వంట వెనక షెడ్డులో, వడ్డన ముందు పందిట్లో జరిగినట్టు. అతిథికి గరిటె పట్టుకున్న మనిషే కనిపిస్తాడు. అన్నం రాకపోతే ఆయన్నే అడుగుతాడు. పొయ్యి వెలగలేదా, మోసే మనిషి రాలేదా అన్నది పందిట్లోంచి చూస్తే తెలియదు.

ఈ ఏర్పాటు ఉందో లేదో ఒక్క కమాండ్‌తో తేలుతుంది. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) ఎల్‌ఎస్‌పీసీఐ అని కొట్టి, ఖాళీ వదిలి, హైఫన్ పెట్టి కె రాస్తే మెషీన్‌లోని పరికరాల జాబితా వస్తుంది. ఇంటెల్ కార్డు సాధారణంగా 00:02.0 అనే చిరునామాలో, వీజీఏ కంపాటిబుల్ కంట్రోలర్ అనే పేరుతో ఉంటుంది. ఎన్విడియాది చాలా ల్యాప్‌టాప్‌లలో 01:00.0 దగ్గర ఉంటుంది. దాని పక్కన వీజీఏ అని కాకుండా 3డీ కంట్రోలర్ అని ఉంటే, ఆ కార్డుకు తెర తీగ లేనట్టే. అది వంట షెడ్డు మాత్రమే. ప్రతి కార్డు కింద కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్ అనే వరస కూడా చూడాలి. కెర్నల్ అంటే లినక్స్ గుండెకాయ, డ్రైవర్ అంటే కార్డును నడిపే ప్రోగ్రాం. అక్కడ ఇంటెల్‌కు ఎక్కువగా ఐ915 అని, ఎన్విడియాకు కంపెనీ సొంత డ్రైవర్ అయితే ఎన్విడియా అని, బయటివాళ్లు రాసినదైతే నూవో అని ఉంటుంది. ఆ వరసే లేకపోతే కార్డు ఉన్నా దాన్ని నడిపేవాళ్లు లేరన్నమాట.

ఆప్టిమస్ వచ్చిన తొలి ఏళ్లలో లినక్స్‌కు కంపెనీ నుంచి ఏ సాయమూ అందలేదు. 2011లో స్వచ్ఛందంగా కొందరు బంబుల్‌బీ అనే ప్రాజెక్టు మొదలుపెట్టి, ఆప్టిరన్ అనే కమాండ్‌తో ఒక్కో యాప్‌ను రెండో కార్డు మీద నడిపే దారి వేశారు. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ మాట్లాడుతుండగా శ్రోతల్లోంచి వచ్చిన ప్రశ్న సరిగ్గా ఇదే: ఆప్టిమస్ ల్యాప్‌టాప్ కొన్నాను, లినక్స్‌లో పనిచేయడం లేదు, ఏం చేయాలి? ఆయన తాము వేగిన కంపెనీలన్నిటిలోకీ ఎన్విడియానే అధ్వానమని కెమెరా ముందే మండిపడ్డారు. చివరికి 2019 ఆగస్టులో వచ్చిన 435 డ్రైవర్‌తోనే ఎన్విడియా తన సొంత డ్రైవర్‌లో ఒక్కో యాప్‌ను రెండో కార్డు మీద నడిపే పద్ధతికి చోటిచ్చింది.

ఈ చరిత్ర అవసరం ఎందుకంటే, వెతికితే దొరికే సలహాల్లో చాలా భాగం 2011కూ 2019కీ మధ్య రాసినవి. ఆప్టిరన్ వాడమనీ, రెండో కార్డును ఆపేసే బీబీస్విచ్ వేయమనీ, తెర సెట్టింగులుండే జార్గ్ కాన్ఫ్ ఫైల్‌లో కార్డు చిరునామా చేత్తో రాయమనీ అవి చెబుతాయి. ఆ రోజుల్లో అవి మంచి సలహాలే. ఇప్పటి సిస్టమ్‌లో మాత్రం అవే అడ్డం పడతాయి. పాత జార్గ్ కాన్ఫ్ ఒకటి మిగిలిపోయి ఉంటే యాప్ మాట అటుంచి లాగిన్ తెరే రాకపోవచ్చు. సలహా ఏ ఏడాదిదో చూడకుండా కమాండ్ కొట్టకూడదు.

మెనూలో చచ్చిపోయి టెర్మినల్‌లో బతికే యాప్

మొదటి పరీక్ష చాలా చిన్నది. ఐకాన్‌ను వదిలేసి, టెర్మినల్ తెరిచి యాప్ పేరు చేత్తో కొట్టాలి. ఐకాన్ నుంచి తెరిచినప్పుడు యాప్ చెప్పే మాటలు ఎవరికీ వినపడవు. టెర్మినల్‌లో అవే మాటలు కళ్లముందు పడతాయి. నలభై వరసలు వచ్చినా కంగారు పడనక్కరలేదు. ఎర్రర్, ఫెయిల్డ్, కెనాట్ ఓపెన్ అన్న మాటల్లో ఏదో ఒకటి ఉన్న మొట్టమొదటి వరసే ముఖ్యం. దాని కింద కనిపించేవన్నీ చాలాసార్లు దాని పర్యవసానాలే.

పైన చెప్పిన విద్యార్థి ల్యాప్‌టాప్‌నే తీసుకుందాం. ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, యూహెచ్‌డీ 620 గ్రాఫిక్స్, పక్కన ఎంఎక్స్150 కార్డు. ఉబుంటు వేసేటప్పుడు బయటి డ్రైవర్లు కూడా వేయాలా అన్న గడిలో టిక్కు పెట్టలేదు. టెర్మినల్‌లో బ్లెండర్ అని కొడితే చక్కగా తెరుచుకుంటుంది. ఐకాన్ మీద నొక్కితే తెరుచుకోదు. ఇక్కడే చాలామంది తల పట్టుకుంటారు. యాప్ ఒకటే, మెషీన్ ఒకటే. తేడా ఎక్కడ?

తేడా ఆ ఐకాన్ వెనకున్న చిన్న ఫైల్‌లో ఉంది. యూఎస్ఆర్ కింద షేర్, దాని కింద అప్లికేషన్స్ అనే ఫోల్డర్‌లో ప్రతి యాప్‌కూ డాట్ డెస్క్‌టాప్ అని ముగిసే ఫైల్ ఒకటుంటుంది. బ్లెండర్ ఫైల్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే ప్రిఫర్స్ నాన్ డిఫాల్ట్ జీపీయూ ఈక్వల్స్ ట్రూ అనే వరస కనిపిస్తుంది. నన్ను మామూలు కార్డు మీద కాదు, రెండో కార్డు మీద తెరవండి అని ఆ యాప్ ముందే అడిగి పెట్టుకుంది. గేమ్‌ల యాప్ స్టీమ్ ఫైల్‌లోనూ ఇదే వరస ఉంటుంది. ఉబుంటులో మెనూలు, ఐకాన్లు చూపించే గ్నోమ్ డెస్క్‌టాప్ ఆ వరస చూసి, స్విచ్చరూ కంట్రోల్ అనే సర్వీసును అడిగి, యాప్‌ను రెండో కార్డు వైపు తోసేస్తుంది. టెర్మినల్‌కు ఈ ఫైల్‌తో పనిలేదు కాబట్టి అక్కడ యాప్ ఇంటెల్ మీదే తెరుచుకుంటుంది.

ఈ అనుమానం నిజమో కాదో తేల్చుకోవడానికి టెర్మినల్‌లో యాప్ పేరుకు ముందు, పెద్ద అక్షరాల్లో, డీఆర్ఐ అండర్‌స్కోర్ ప్రైమ్ ఈక్వల్స్ 1 అని రాసి ఎంటర్ కొట్టాలి. ఐకాన్ చేసే పనినే చేత్తో చేయడం ఇది. ఇప్పుడు టెర్మినల్‌లోనూ బ్లెండర్ కూలిపోతే దొంగ దొరికినట్టే. వెంటనే జర్నల్‌సీటీఎల్ హైఫన్ కె అని కొట్టి చివరి వరసలు చూస్తే, నూవో అనే పేరుతో మొదలై 01:00.0 చిరునామా ఉన్న తప్పుల వరస కనిపిస్తుంది. యాప్ అడిగిన కార్డు ఉంది. దాన్ని నడిపే డ్రైవర్ మాత్రం బ్లెండర్ బరువు మోయలేకపోయింది.

నూవో అనేది ఎన్విడియా సాయం లేకుండా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామర్లు కార్డును పరిశీలించి పరిశీలించి రాసిన డ్రైవర్. వాళ్ల శ్రమను తక్కువ చేయకూడదు. 2014 నాటి జీటీఎక్స్ 900 వరస నుంచి ఎన్విడియా తన సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రాం) ఉంటే తప్ప కార్డు వేగం పెంచనివ్వలేదు. ఆ సంతకం చేతికి రాకపోవడంతో ఎంఎక్స్150 లాంటి కార్డులు నూవో కింద స్టార్టయినప్పటి తక్కువ వేగంలోనే ఉండిపోతాయి. అంటే ఈ విద్యార్థి బ్లెండర్ నూవో మీద తెరుచుకున్నా ఇంటెల్ మీద కంటే బాగా నడుస్తుందన్న హామీ లేదు. ట్యూరింగ్ తరం, అంటే జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 వరసల నుంచి పరిస్థితి మెరుగైంది. 2024 జనవరిలో వచ్చిన 6.7 కెర్నల్ నుంచి నూవో ఆ కార్డుల ఫర్మ్‌వేర్‌ను వాడుకోగలుగుతోంది.

ఇప్పుడు రెండు దారులు. ఈ పూటకు పని జరిగితే చాలనుకుంటే, ఆ డాట్ డెస్క్‌టాప్ ఫైల్‌ను హోమ్ ఫోల్డర్‌లోని డాట్ లోకల్, షేర్, అప్లికేషన్స్‌లోకి కాపీ చేసి, ట్రూ అన్న చోట ఫాల్స్ అని మార్చాలి. అసలు ఫైల్‌ను ముట్టుకోకూడదు. అప్‌డేట్ వచ్చినప్పుడు అది మళ్లీ మొదటికొస్తుంది, కాపీ మాత్రం అలాగే ఉంటుంది. రెండో కార్డుతో నిజంగా పని ఉంటే ఎన్విడియా సొంత డ్రైవర్ వేసుకోవాలి. ఆ దారిలో ఇంకో గుంట ఉంది.

నీలి తెర ముందు పది సెకన్లు

డ్రైవర్ వేయడం ఉబుంటులో సులువే. అడిషనల్ డ్రైవర్స్ అనే చోట సిఫారసు చేసినదాన్ని ఎంచుకుంటే చాలు. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేనిదాన్ని నడవనివ్వని కాపలా) ఆన్‌లో ఉన్న మెషీన్‌లో మధ్యలో ఒక పాస్‌వర్డ్ అడగవచ్చు. చాలామంది ఏదో ఒకటి కొట్టేసి మర్చిపోతారు. రీస్టార్ట్ చేయగానే తయారీ కంపెనీ బొమ్మ తర్వాత నీలం రంగు తెర వస్తుంది. మోక్ మేనేజ్‌మెంట్ కోసం ఏదైనా కీ నొక్కండి అని ఒక వరస (మోక్, అంటే ఎంఓకే, మెషీన్ యజమాని నమోదు చేసే సంతకం కీ), దాని కింద పది నుంచి వెనక్కు లెక్క. ఆ పది సెకన్లలో ఏమీ నొక్కకపోతే లెక్క పూర్తయి ఉబుంటు మామూలుగానే తెరుచుకుంటుంది. ఏ తప్పూ కనిపించదు. కానీ డ్రైవర్ కింద కెర్నల్‌కు నమ్మకమైన సంతకం లేదు కాబట్టి కెర్నల్ దాన్ని లోపలికి రానివ్వదు. ఛార్జర్ పెట్టుకుందామని లేచినా, ఫోన్ వంక చూసినా ఆ అవకాశం పోయినట్టే.

నొక్కినవాళ్లకు వచ్చే మెనూలో ఎన్రోల్ మోక్ ఎంచుకుని, కంటిన్యూ, తర్వాత యస్ అని, ఇందాక పెట్టిన పాస్‌వర్డ్ కొట్టి, రీబూట్ చేయాలి. పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు తెర మీద చుక్కలు కూడా కనిపించకపోవచ్చు. అది తప్పు కాదు. మొదటిసారి తప్పిపోయినవాళ్లు ఎంఓకే యుటిల్ కమాండ్‌తో కీని మళ్లీ నమోదుకు ఇచ్చి, రీస్టార్ట్ చేసి, ఈసారి ఆ పది సెకన్లూ కీబోర్డు మీద చేయి తీయకుండా ఉండాలి. సెక్యూర్ బూట్‌నే ఆపేయమని కొందరు చెబుతారు. పని జరుగుతుంది గానీ, కీ నమోదు చేయడం రెండు నిమిషాల పని. దాని కోసం మెషీన్‌కున్న కాపలా తీసేయనక్కరలేదు.

కెర్నల్ నిరాకరించిందో లేదో తెలుసుకోవడానికి ఎన్విడియా ఎస్‌ఎంఐ అనే కమాండ్ ఉంది. మధ్యలో హైఫన్ పెట్టాలి. డ్రైవర్ పనిచేస్తుంటే కార్డు పేరు, వేడి, మెమరీ ఒక పట్టికలో వస్తాయి. డ్రైవర్‌తో మాట్లాడలేకపోయాను అని వస్తే మాడ్యూల్ (కెర్నల్‌లోకి ఎక్కే డ్రైవర్ ముక్క) లోపలికి వెళ్లలేదని అర్థం. అప్పుడు సుడో పెట్టి మోడ్‌ప్రోబ్ ఎన్విడియా అని కొట్టాలి. కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్ అన్న జవాబు వస్తే అది సంతకం గొడవ. అసలు మాడ్యూలే దొరకలేదని వస్తే అది ఇంకో కథ: కెర్నల్ అప్‌డేట్ అయింది, కొత్త కెర్నల్‌కు డ్రైవర్ మళ్లీ తయారుకాలేదు. డీకేఎంఎస్ స్టేటస్ అని కొడితే ఏ కెర్నల్‌కు తయారైందో తెలుస్తుంది. చాలాసార్లు డ్రైవర్ తయారీకి కావాల్సిన కొత్త కెర్నల్ హెడర్స్ ప్యాకేజీ లేకపోవడమే కారణం. ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజువారీ డేటా అయిపోయి అప్‌డేట్ సగంలో ఆగిన మెషీన్లలో ఇది మామూలు. డీపీకేజీ కమాండ్‌కు రెండు హైఫన్లతో కాన్ఫిగర్, దాని పక్కన హైఫన్ ఏ చేర్చి నడిపి, ఆగిన అప్‌డేట్‌ను ముందు పూర్తి చేయాలి.

డ్రైవర్, లైబ్రరీ వెర్షన్ మిస్‌మ్యాచ్ అని ఎన్విడియా ఎస్‌ఎంఐ చెబితే మాత్రం ఏ మరమ్మతూ అక్కరలేదు. నడుస్తున్న మాడ్యూల్ పాతది, డిస్కు మీదకు వచ్చిన లైబ్రరీ కొత్తది. ఒక్క రీస్టార్ట్ చాలు. రోజుల తరబడి మూత మూసి తెరవడమే తప్ప రీస్టార్ట్ చేయని ల్యాప్‌టాప్‌లలో నిన్నటిదాకా తెరుచుకున్న యాప్ ఈరోజు తెరుచుకోకపోతే, మొట్టమొదట అనుమానించాల్సింది దీన్నే.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. సంతకం లేక ఎన్విడియా డ్రైవర్ లోపలికి రాలేదు, నూవోను ఆ ప్యాకేజీ ముందే ఆపేసింది. ఇప్పుడు రెండో కార్డును నడిపేవాళ్లెవరూ లేరు. గ్నోమ్ కంటికి అది ఒకే కార్డున్న మెషీన్. దాంతో నిన్నటిదాకా తెరుచుకోని బ్లెండర్ ఇప్పుడు ఐకాన్ నుంచి కూడా ఇంటెల్ మీద హాయిగా తెరుచుకుంటుంది. సమస్య తీరిందనుకుంటారు. రెండర్ సెట్టింగులలో కుడా (ఎన్విడియా కార్డుతో లెక్కలు చేయించే పద్ధతి) దగ్గర ఏ కార్డూ కనిపించనప్పుడు గానీ అసలు సంగతి బయటపడదు. తెరుచుకోవడం వేరు, తెరుచుకోవాల్సిన చోట తెరుచుకోవడం వేరు.

గీస్తున్నది ఎవరో అడిగి తెలుసుకోవాలి

ఆ తేడా కనిపెట్టడానికి జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో అనే కమాండ్, పక్కన హైఫన్, పెద్ద బీ. మీసా యుటిల్స్ ప్యాకేజీతో వస్తుంది. ఓపెన్‌జీఎల్ అంటే యాప్‌లు కార్డు చేత బొమ్మ గీయించుకునే పద్ధతి. అందులో ఓపెన్‌జీఎల్ రెండరర్ స్ట్రింగ్ అనే వరసలో ఇంటెల్ పేరుంటే ఇంటెల్ గీస్తోంది. ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఉంటే ఏ కార్డూ గీయడం లేదు, భారమంతా ప్రాసెసర్ మోస్తోంది. అప్పుడు తప్పు రెండో కార్డులో కాదు, మొదటి కార్డు దగ్గరే ఉంది. దారి పూర్తిగా మారుతుంది.

ఎన్విడియా సొంత డ్రైవర్ ఉన్నచోట డీఆర్ఐ ప్రైమ్ బదులు ప్రైమ్ రన్ అనే చిన్న స్క్రిప్టు వాడతారు. మధ్యలో హైఫన్ ఉంటుంది. కొన్ని వేరియబుల్స్‌ను (యాప్‌కు ముందే చెప్పే సెట్టింగులను) పెట్టి యాప్‌ను తెరవడం తప్ప అది చేసేదేమీ లేదు. వాటిలో ఒకటి రెండో కార్డు మీద గీయమంటుంది, ఇంకొకటి ఓపెన్‌జీఎల్ లైబ్రరీగా ఎన్విడియాదే వాడమంటుంది. జీఎల్‌ఎక్స్‌ఇన్ఫోను దీంతో నడిపి చూస్తే ఎన్విడియా పేరు రావాలి. జీఎల్‌ఎక్స్ క్రియేట్ న్యూ కాంటెక్స్ట్ దగ్గర బ్యాడ్ వాల్యూ అనే ఎక్స్ ఎర్రర్ వస్తే, ఎన్విడియా లైబ్రరీని పిలిచారు గానీ వెనక కార్డు సిద్ధంగా లేదని అర్థం.

ఈ రెండు వేరియబుల్స్‌ను ఈటీసీలోని ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లోనో, హోమ్ ఫోల్డర్‌లోని ప్రొఫైల్‌లోనో శాశ్వతంగా రాసిపెట్టమనే సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. దాన్ని పాటించకపోవడం మంచిది. బ్యాటరీ మిగుల్చుకుందామని ఒకరోజు ప్రైమ్ సెలెక్ట్ కమాండ్‌తో ఇంటెల్‌కు మారగానే, ఆ ఫైల్‌లోని వరసలు లేని కార్డును పిలుస్తూనే ఉంటాయి. బ్లెండర్ ఒక్కటే కాదు, ఓపెన్‌జీఎల్ వాడే యాప్‌లన్నీ ఒకేసారి పడకేస్తాయి. ఆర్నెల్ల కిందట రాసిన ఆ రెండు వరసలు అప్పటికి ఎవరికి గుర్తుంటాయి? ప్రైమ్ సెలెక్ట్‌లో ఎన్విడియా, ఇంటెల్, ఆన్ డిమాండ్ అని మూడు ఎంపికలున్నాయి. 435 తర్వాతి డ్రైవర్లు నడిచే కార్డుకు ఆన్ డిమాండ్ సరిపోతుంది. యాప్‌కు కావాల్సినప్పుడే రెండో కార్డు పనిలోకి వస్తుంది.

ఇంటెల్‌కు మార్చుకున్నవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ సాకెట్ తీగ ఎన్విడియా కార్డుకే ఉంటుంది. సెమినార్ హాల్లో ప్రొజెక్టర్‌కు బొమ్మ రాక, కేబుల్ మార్చి మార్చి చెమటలు పట్టేది ఇందుకే.

కార్డు పేరు చూసి మోసపోకూడదు

చౌరస్తా దుకాణాల్లో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేటప్పుడు స్టిక్కర్ మీది అంకె చూసి తరాన్ని ఊహిస్తారు. లినక్స్ డ్రైవర్‌కు కావాల్సింది ఆ అంకె కాదు, లోపలి చిప్పు తరం. 820ఎం కార్డు లోపల ఉన్నది ఫెర్మి తరం చిప్పు. దానికి ఎన్విడియా 390 వరస డ్రైవరే ఆఖరు. 920ఎం కెప్లర్, దానికి 470 ఆఖరు. 940ఎంఎక్స్ మ్యాక్స్‌వెల్, ఎంఎక్స్150 పాస్కల్. ఈ రెండింటికీ 580 వరసే ఆఖరు. 820కీ 940కీ మధ్యే మూడు తరాలు.

దీని పర్యవసానం పెద్దది. ఒక్కో యాప్‌ను రెండో కార్డు మీద నడిపే పద్ధతి 435తో వచ్చింది, 820ఎం డ్రైవర్ 390 దగ్గరే ఆగిపోయింది. అంటే ఆ కార్డు మీద ప్రైమ్ రన్ ఎప్పటికీ పనిచేయదు, ఎన్నిసార్లు ఓఎస్ మళ్లీ వేసినా సరే. పైగా 390 కొత్త కెర్నల్స్‌తో కలవదు. ఇలాంటి మెషీన్‌లో రెండో కార్డు ఆశ వదులుకుని, ఇంటెల్ ఒక్కదాని మీదే నడుపుకోవడం తెలివైన పని. ర్యామ్ పెంచి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే కోడింగ్‌కు, పాఠాలకు అది ఇంకా కొన్నేళ్లు పనికొస్తుంది.

రెండోది ఏఎండీ కార్డయితే డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది కాబట్టి సంతకాల బెడద లేదు. పాత కార్డుల్లో ఒక చిక్కు ఉంది. రేడియాన్ ఆర్5 ఎం330 లాంటివాటిని కెర్నల్ చాలాకాలం రేడియాన్ అనే పాత డ్రైవర్‌కు అప్పగించేది. దానికి వల్కన్ (ఓపెన్‌జీఎల్ తర్వాత వచ్చిన గీసే పద్ధతి) రాదు. వల్కన్ తప్పనిసరి అయిన గేమ్ ఆ కార్డు మీద తెరుచుకోదు. కెర్నల్ ఆప్షన్లలో రేడియాన్‌కు ఎస్ఐ సపోర్ట్ సున్నా, ఏఎండీజీపీయూకు ఎస్ఐ సపోర్ట్ ఒకటి అని పెడితే కార్డు కొత్త డ్రైవర్ చేతికి వెళ్తుంది.

లోపల బాగున్నా బయట అందనివి

ఎన్విడియా ఎస్‌ఎంఐ సరిగ్గా పలుకుతోంది, ప్రైమ్ రన్‌తో కార్డు పేరు వస్తోంది, అయినా ఒక్క యాప్ మాత్రం తెరుచుకోవడం లేదంటే అది ఎలా వేసిన యాప్ అని చూడాలి. ఫ్లాట్‌ప్యాక్ అంటే యాప్‌ను దానికి కావాల్సినవాటితో కలిపి ఒక డబ్బాలా ఇచ్చే పద్ధతి. అలా వేసిన యాప్ మెషీన్‌లోని గ్రాఫిక్స్ లైబ్రరీని వాడుకోదు. తన సొంత డబ్బాలో ఎన్విడియా లైబ్రరీ ఇంకో ప్రతి పెట్టుకుంటుంది. ఆ ప్రతి వెర్షన్, బయటి డ్రైవర్ వెర్షన్ చివరి అంకె దాకా కలవాలి. సిస్టమ్ అప్‌డేట్ చేసి ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్ చేయకపోతే ఆ కొలత తప్పుతుంది. ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్ అని కొడితే సరిపోయే ప్రతి దిగుతుంది. వందల ఎంబీలు ఉంటుంది కాబట్టి కాలేజీ వైఫై దగ్గర చేసుకోవడం నయం. స్టీమ్, విండోస్ ప్రోగ్రాంలను నడిపే వైన్‌ల విషయంలో చూడాల్సింది 32 బిట్ లైబ్రరీలు. 64 బిట్‌వి మాత్రమే ఉంటే పెద్ద గేమ్ తెరుచుకుని చిన్న పాత గేమ్ తెరుచుకోకపోవడం కూడా జరుగుతుంది.

ఆలస్యాన్ని వైఫల్యం అనుకోవడం కూడా మామూలే. ట్యూరింగ్ తరం నుంచి ఎన్విడియా కార్డులు పనిలేనప్పుడు పూర్తిగా నిద్రపోతాయి. యాప్ తెరుచుకుంటూ వల్కన్ ద్వారా మెషీన్‌లో ఏ కార్డులున్నాయని అడిగితే, జవాబు చెప్పడానికి ఆ కార్డు నిద్రలేవాలి. గ్నోమ్ యాప్‌లు గీయడానికి వాడే లైబ్రరీ జీటీకే. 2024 సెప్టెంబరులో వచ్చిన దాని 4.16 నుంచి వేలాండ్‌లో (తెరను నడిపే కొత్త పద్ధతిలో) గ్నోమ్ యాప్‌లు వల్కన్‌తోనే గీయడం మొదలుపెట్టాయి. అందుకే లెక్కల కాలిక్యులేటర్ లాంటి చిన్న యాప్ తెరుచుకోవడానికి కూడా కొన్ని మెషీన్లలో రెండు మూడు సెకన్లు పడుతుంది. యాప్ పేరుకు ముందు, పెద్ద అక్షరాల్లో జీఎస్‌కే అండర్‌స్కోర్ రెండరర్ రాసి, ఈక్వల్స్ పెట్టి, చిన్న అక్షరాల్లో జీఎల్ అని చేర్చి తెరిస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

గ్రాఫిక్స్‌తో సంబంధమే లేని తప్పు కూడా కార్డు నెత్తిన పడుతుంటుంది. కరీంనగర్, జగిత్యాలలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలలో డావిన్చీ రిజాల్వ్ వాడకం ఉంది. లినక్స్‌లో దాన్ని వేసి తెరిస్తే కొన్నిసార్లు ఏమీ రాదు. కార్డు డ్రైవర్లు మారుస్తూ రోజంతా గడుస్తుంది. టెర్మినల్‌లో నడిపితే మొదటి వరసలోనే లిబ్‌ప్యాంగో పేరు, అన్‌డిఫైన్డ్ సింబల్, జీ స్ట్రింగ్ ఫ్రీ అండ్ స్టీల్ అని కనిపిస్తుంది. రిజాల్వ్ తనతో తెచ్చుకున్న పాత గ్లిబ్ లైబ్రరీకీ, సిస్టమ్‌లోని కొత్త ప్యాంగోకూ పొంతన కుదరలేదు, అంతే. ఆప్ట్ కింద రిజాల్వ్, అందులో లిబ్స్ ఫోల్డర్‌లోని గ్లిబ్, జీఐఓ, జీమాడ్యూల్ ఫైళ్లను పక్క ఫోల్డర్‌లోకి జరిపితే తెరుచుకుంటుంది. ఆ వరస చదవకుండా ఏ డ్రైవర్ మార్చినా లాభం లేదు.

ఎండాకాలానికి సంబంధించింది ఒకటి మిగిలింది. రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు మే నెలలో 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి. పొద్దున తెరుచుకున్న యాప్ మధ్యాహ్నం తెరుచుకోగానే కూలిపోతూ, కెర్నల్ లాగ్‌లో జీపీయూ హ్యాజ్ ఫాలెన్ ఆఫ్ ద బస్ అనే వరస, ఎక్స్ఐడీ 79 అనే అంకె కనిపిస్తే సాఫ్ట్‌వేర్‌ను వదిలేయాలి. కార్డు బోర్డు నుంచి మాట్లాడటం మానేసిందని దాని అర్థం. వేడి, కరెంటు సరఫరా, బోర్డు లోపం, ఈ మూడింటిలో ఏదో ఒకటి. ముందు ఫ్యాన్ దుమ్ము దులిపించి, ఆరిపోయిన థర్మల్ పేస్టు మార్పించి, పరుపు మీద కాకుండా బల్ల మీద పెట్టి, అసలు ఛార్జర్‌తో నడిపి చూడాలి. అప్పటికీ అదే అంకె వస్తుంటే అది రిపేరు దుకాణం పని.

నయీంనగర్ గదిలోని ఆ ల్యాప్‌టాప్ దగ్గరికి తిరిగొస్తే, దానికి పట్టిన పని మొత్తం ఇది. ఎల్‌ఎస్‌పీసీఐలో నూవో పేరు కనిపించింది. ఎన్విడియా డ్రైవర్ ఎక్కించారు. నీలి తెర మొదటిసారి చేయి జారిపోయింది, రెండోసారి కీ నమోదైంది. ప్రైమ్ సెలెక్ట్ ఆన్ డిమాండ్‌లో ఉంది. ఇప్పుడు ప్రైమ్ రన్ జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో అని కొడితే రెండరర్ వరసలో ఎంఎక్స్150 పేరు వస్తుంది. బ్లెండర్ ఐకాన్ నొక్కితే విండో తెరుచుకుంటుంది, బ్లెండర్ రెండర్ ఇంజిన్ సైకిల్స్ సెట్టింగులలో కుడా కింద ఆ కార్డు పేరు పక్కన టిక్కు పెట్టుకునే గడి కనిపిస్తుంది.